పెద్ద రొమ్ము ఇంప్లాంట్ తీసి చిన్నది పెట్టించుకోవడం: అసలు పని సంచిలోనే ఉంది

కొలతటేపు:
450, 500 సీసీ ఇంప్లాంట్లు బరువవుతున్నాయి, 250కో 300కో దించుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒక్కచోట ఉంటే మేలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

దించుకోవచ్చు. అయితే "పాతది తీసి కొత్తది పెట్టడమేగా, చోటు ఎలాగూ ఉంది" అని మాత్రం అనుకోవద్దు. మొదటిసారి డాక్టరు కొత్తగా చోటు (దాన్నే సంచి అంటాం) చేసి అందులో ఇంప్లాంట్‌ను బిగువుగా అమరుస్తారు. రెండోసారి, ఏళ్ల తరబడి అరకిలో బరువు మోసి సాగిపోయిన సంచిలో చిన్నదాన్ని జారకుండా నిలబెట్టాలి. పెద్ద గలీబులో చిన్న దిండు పెట్టినట్టే. గలీబు కుట్టి తగ్గించకపోతే దిండు ఒక మూలకు పోతుంది.

ఒక లెక్క చూడండి. వెడల్పుతో పోల్చి ఎంత ముందుకు పొడుచుకొస్తుందన్నదాన్ని బట్టి ఇంప్లాంట్లకు మోడరేట్, మోడరేట్ ప్లస్, హై ప్రొఫైల్ అని రకాలుంటాయి. మోడరేట్ ప్లస్ రకంలో 475 సీసీ గుండ్రటి సిలికాన్ ఇంప్లాంట్ అడుగు వెడల్పు 14 సెం.మీ. దగ్గర ఉంటుంది. అదే రకంలో 275 సీసీది 12కి దగ్గర. కంపెనీని బట్టి కొన్ని మి.మీ. తేడా వస్తుంది. అంటే సంచి వెడల్పు రెండు సెం.మీ. మేర మూయాలి. అదే 275 సీసీని మోడరేట్ రకంలో తీసుకుంటే వెడల్పు 12న్నర పైచిలుకు, మూయాల్సింది తక్కువ. హై ప్రొఫైల్‌లో తీసుకుంటే 11 చుట్టూ, మూయాల్సింది మూడు సెం.మీ. సీసీ అంకె ఒకటే, ఆపరేషన్ మాత్రం వేరు. అందుకే డాక్టరు దగ్గర మొదట అడగాల్సింది "ఎన్ని సీసీ" అని కాదు, "నా ఛాతీకి ఎంత వెడల్పు సరిపోతుంది" అని.

కొలవాల్సినవి నాలుగు. రొమ్ము అడుగు వెడల్పు క్యాలిపర్‌తో. పైభాగంలో చర్మమూ కొవ్వూ కలిపి వేళ్లతో పట్టుకుంటే వచ్చే మందం. అది 2 సెం.మీ. లోపు ఉంటే ఇంప్లాంట్‌ను కండరం కిందే ఉంచడం మేలు, లేకపోతే అంచులు కనబడతాయి. మెడ కింద ఎముక గుంట నుంచి చనుమొనకు దూరం. చివరిది, చర్మాన్ని బాగా సాగదీసి చనుమొన నుంచి కింది ముడతకు దూరం. 275, 300 సీసీకి ఈ చివరి దూరం 7.5 నుంచి 8 సెం.మీ. చాలు. 475 మోసిన రొమ్ములో అది 10 దాటి ఉండటం మామూలే. ఆ అదనపు రెండు సెం.మీ. చర్మం ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

కృష్ణాతీరం:
కప్పు లెక్కలో చెప్పగలరా అండి? డి నుంచి బికి రావాలంటే ఎంత తగ్గించాలి?

కొలతటేపు:
కప్పు సైజు ఒక్కో బ్రా కంపెనీకి ఒక్కో తీరు. మోటు లెక్కలో ఒక కప్పుకి 150 నుంచి 200 సీసీ అనుకోవచ్చు. ఛాతీ చుట్టుకొలత పెద్దదైతే ఇంకాస్త ఎక్కువ. రెండు కప్పులు తగ్గాలంటే కొందరికి ఇంప్లాంట్ పూర్తిగా తీసేయడమే దారి కావచ్చు, ఎందుకంటే తమ సొంత కణజాలం కూడా ఆ కప్పులో భాగమే. ఇంకో మాట: 30, 50 సీసీ తగ్గించడానికి మళ్లీ మత్తు, మళ్లీ కోత వద్దు. ఆ తేడా బట్టల్లో కనపడదు. బరువు కోసమే అయితే లెక్క తేలిక. జెల్ ఒక సీసీ దాదాపు ఒక గ్రాము. 475 నుంచి 275కి వస్తే రెండు వైపులా కలిపి 400 గ్రాములు తగ్గుతుంది.

కుట్టుపని:
సంచి తగ్గించే పద్ధతులు చెబుతాను. ఈ భాగం గురించి ఎవరూ విడమరచి చెప్పరు.

ఇంప్లాంట్ చుట్టూ శరీరమే ఒక పొర కట్టుకుంటుంది. దాన్ని క్యాప్సూల్ అంటారు. ఆ పొర మందంగా, దృఢంగా ఉంటే పక్కనా కిందా అంచులను లోపలి నుంచి కుట్టేస్తారు. దీని పేరు క్యాప్సులోరఫీ. సాధారణంగా 2-0 మందం దారం, పీడీఎస్ లాంటి నెమ్మదిగా కరిగేది గానీ అసలు కరగనిది గానీ వాడతారు. ఒక్క వరస సరిపోదు, రెండు వరసలు వేసేవాళ్లు ఎక్కువ. కుట్టే ముందు ఆ పొరను కాటరీతో (కాల్చే పరికరం) గీయడమో, ఒక పట్టీ కోసి తీయడమో తప్పనిసరి. నున్నటి పొరను నున్నటి పొరకు కలిపి కుడితే అవి అతుక్కోవు. దారం పట్టు సడలిన రోజున సంచి మళ్లీ తెరుచుకుంటుంది. కుట్లు ఊడిపోయాయని వినే కేసులకు ఇదొక కారణం.

పొర ఉల్లిపొరలా పలచగా ఉంటే కుట్టు నిలవదు, దారం చీల్చుకుని వస్తుంది. అప్పుడు రెండు దారులు. ఒకటి, పాత సంచిని వదిలేసి కొత్తది చేయడం. ఇంప్లాంట్ కండరం పైన ఉన్నవాళ్లకు కండరం కిందికి మార్చడం సుళువు, అక్కడ ఎవరూ తాకని చోటు ఉంటుంది. ఇప్పటికే కండరం కింద ఉన్నవాళ్లకు, పొర ముందు గోడకీ కండరానికీ మధ్య విడదీసి అక్కడ సరిగ్గా కొత్త ఇంప్లాంట్ కొలతకే చోటు చేస్తారు. పాత సంచిని చదును చేసి ఛాతీ గోడకు కుట్టేస్తారు. రెండోది, కింద, పక్కన మెష్ (వల లాంటి గుడ్డ) గానీ, శుద్ధి చేసిన చర్మపు పొర ఏడీఎం గానీ ఊయలలా కుట్టడం. ఖర్చు బాగా పెరుగుతుంది. అందరికీ అక్కర్లేదు, ఒకసారి కుట్లు విఫలమైనవాళ్లకీ, కణజాలం మరీ పలచబడినవాళ్లకీ అర్థముంది.

పక్క వైపు కంటే కింది ముడత దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పడుకుంటే ఇంప్లాంట్ చంకలోకి జారడం ఇబ్బందే, కానీ నిలబడితే కిందికి దిగిపోవడం రూపాన్ని మొత్తం మారుస్తుంది: చనుమొన ఆకాశం చూస్తుంది, కోత మచ్చ ముడతలోంచి రొమ్ము మీదికి ఎక్కుతుంది. అందుకే కింది వరస కుట్లు లోతుగా, పక్కటెముక మీది గట్టి పొరను పట్టుకుని వేయాలి. మొదటి రెండు మూడు నెలలు అక్కడ గుంటల్లా, తాడు లాగినట్టు కనిపిస్తుంది, దగ్గినా నొప్పి వస్తుంది. చాలామందిలో సర్దుకుంటుంది.

థియేటర్_సిస్టర్:
దీనికి ఒకటి కలుపుతాను. కొత్త ఇంప్లాంట్ ప్యాకెట్ విప్పే ముందు సైజర్లు (కొలత చూడటానికి తాత్కాలికంగా పెట్టేవి) పెట్టి, టేబుల్ తల వైపు లేపి, పేషెంటును దాదాపు కూర్చోబెట్టినట్టు చేసి చూడాలి. పడుకున్నప్పుడు సమానంగా కనిపించిన రెండు వైపులూ లేపగానే ఒక వేలెడు తేడా చూపించడం సర్వసాధారణం. ఆ తేడా అప్పుడే కుట్టుకోవాలి. రెండు మూడు సైజుల ఇంప్లాంట్లు థియేటర్‌లో సిద్ధంగా ఉంటాయా అని ముందే అడగండి. ఒకే జత తెప్పిస్తే సర్జన్‌కు చేతులు కట్టేసినట్టే.

ఇన్ఫెక్షన్ విషయంలో కూడా రెండోసారికి రాయితీలు లేవు. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్, చనుమొనల మీద పారదర్శక అతుకు, సంచిని కడగడం, ఇంప్లాంట్ తాకే ముందు కొత్త గ్లౌజులు, చర్మానికి తగలకుండా జారవిడిచే గరాటు సంచి. కడగడానికి పాత వంటకం ఇదీ: 500 మి.లీ. సెలైన్‌లో సెఫజోలిన్ 1 గ్రాము, జెంటామైసిన్ 80 మి.గ్రా., బాసిట్రాసిన్ 50,000 యూనిట్లు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంజెక్షన్ బాసిట్రాసిన్‌ను మార్కెట్ నుంచి తీసేయమంది. ఇప్పుడు చాలాచోట్ల బీటడీన్‌ను సెలైన్‌తో సగానికి సగం కలిపి వాడుతున్నారు. పొర గట్టిపడటానికి కంటికి కనపడని సూక్ష్మజీవుల పూత ఒక ముఖ్య కారణమని భావిస్తారు కాబట్టి ఇవి చాదస్తాలు కావు.

గోదారి_గట్టు:
చర్మం సంగతేంటి? లిఫ్ట్, అంటే జారిన రొమ్మును పైకెత్తే ఆపరేషన్, లేకుండా అయిపోతుందా?

కుట్టుపని:
చనుమొన ఎత్తును బట్టి. చనుమొన కింది ముడతకు పైన ఉండి, చర్మం మీద చారలు లేకుండా బిగువుంటే, తగ్గించేది 100, 150 సీసీలోపే అయితే, లిఫ్ట్ లేకుండా గట్టెక్కవచ్చు. ముడతకు సమానంగా వచ్చిందంటే మొదటి దశ జారుడు. ముడత కిందికి దిగినా రొమ్ము అట్టడుగు కంటే పైనే ఉంటే రెండోది. అట్టడుగున నేలచూపు చూస్తుంటే మూడోది. ఇవన్నీ ఇంప్లాంట్ లోపల ఉండగా కొలిచినవి. పెద్దది తీసేశాక చాలామందిలో జారుడు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఇది తెలియక "లిఫ్ట్ వద్దు, మచ్చలు వద్దు" అని పట్టుబట్టి, ఆరు నెలల తర్వాత మళ్లీ కోతకు వచ్చే కేసులు ఎక్కువ.

చనుమొన చుట్టూ వలయంలా కోసే లిఫ్ట్ ఒకటి రెండు సెం.మీ. పైకి తేగలదు. అంతకు మించి అడిగితే వలయం సాగి పెద్దదవుతుంది, రొమ్ము ముందు భాగం చదునవుతుంది. దిగువకు నిలువు గీత ఉన్న రకం చాలామందికి సరిపోతుంది. చనుమొన నుంచి ముడతకు 10 దాటిన చర్మముంటే ముడతలో అడ్డగీత కూడా తప్పదు. మచ్చ ఎక్కువ, ఆకారం నికరం.

మత్తుమందు:
ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది, ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను: చనుమొనకు రక్తం. పెద్ద ఇంప్లాంట్ మీది కణజాలాన్ని ఏళ్లపాటు నొక్కి పలచన చేస్తుంది. మొదటి ఆపరేషన్ చనుమొన అంచు నుంచి చేసి ఉంటే అటు నాళాలు కొన్ని ఇప్పటికే తెగి ఉంటాయి. ఇప్పుడు లోపల పొర విడదీసి, పైన చర్మం కోసి లిఫ్ట్ చేస్తే రెండు వైపుల నుంచీ సరఫరా తగ్గుతుంది. దానికి తోడు సిగరెట్, వేప్, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంటే చనుమొన నల్లబడి పోయే అవకాశం నిజంగా ఉంది. నాలుగు వారాల ముందూ, నాలుగు వారాల తర్వాతా నికోటిన్ ఏ రూపంలోనూ వద్దు. డాక్టరు దగ్గర దాచొద్దు.

పాత ఆపరేషన్ నోట్స్ లేకుండా వెళ్లొద్దనడానికి మొదటి కారణం ఇదే. ఏ కోత, ఏ పొరలో, చనుమొనకు రక్తం ఏ వైపు నుంచి ఉంచారు అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. ఆస్పత్రి మెడికల్ రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి తీసుకోండి.

గోదారి_గట్టు:
అయితే రెండు విడతలుగా చేయించుకుంటే భద్రం కదా? ముందు ఇంప్లాంట్ తీయడం, కొన్ని నెలలాగి లిఫ్టూ చిన్న ఇంప్లాంటూ.

కుట్టుపని:
నేను ఒక్క విడతకే మొగ్గుతాను, కణజాలం మందంగా, పాత కోత ముడతలో, నికోటిన్ లేదు అన్నప్పుడు. ఒక మత్తు, ఒక కోలుకోవడం.

మత్తుమందు:
నేను ఒప్పుకోను, కనీసం అందరి విషయంలో. కణజాలం పలచన, పొర గట్టిపడటం, వెనక ఇదివరకే లిఫ్ట్ జరిగి ఉండటం, 200 సీసీకి మించి తగ్గించడం: వీటిలో రెండు కలిసినా 3 నుంచి 6 నెలలు ఆగడమే మంచిది. ఆ కాలంలో చర్మం కొంత ముడుచుకుంటుంది, రక్తనాళాలు కుదురుకుంటాయి, సంచి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఇంప్లాంట్ కావాలో, అసలు కావాలో వద్దో కొలిచి తేల్చుకోవచ్చు. మధ్యలో ఆ కొన్ని నెలలు అద్దంలో రూపం కష్టంగా ఉంటుంది, అది దాచకుండా చెప్పాలి. ఖర్చు రెండింతలు కాకపోయినా దరిదాపుల్లోకి వెళ్తుంది.

కుట్టుపని:
లిఫ్ట్ జరిగి ఉన్నవాళ్ల విషయంలో మీ మాటే సరి. అక్కడ నేనూ ఆగమంటాను.

స్కానింగ్_గది:
ఆపరేషన్‌కు ముందు ఫొటోలతో పాటు స్కాన్ కావాలి. సిలికాన్ ఇంప్లాంట్ చిరిగినా పైకి ఏ గుర్తూ లేకుండా ఉండొచ్చు. జెల్ క్యాప్సూల్ లోపలే ఉంటే అల్ట్రాసౌండ్‌లో నిచ్చెన మెట్లలా, ఎంఆర్ఐలో సేమియాలా మెలికలు కనిపిస్తాయి. జెల్ బయటికి పోతే మంచు కురిసినట్టు తెల్లటి మసక. చంక గ్రంథుల్లోకి కూడా చేరవచ్చు. చిరిగిందని ముందే తెలిస్తే ఆపరేషన్ సమయం, పొర తీసే పరిధి, ఖర్చు అన్నీ మారతాయి. లక్షణాలు లేనివాళ్లు కూడా పెట్టిన 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత ప్రతి 2, 3 ఏళ్లకు అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ 2020 నుంచీ చెబుతోంది. 40 దాటితే మామోగ్రామ్ కూడా ముందే చేయించుకోండి. ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కు చెబితే దాన్ని వెనక్కి నెట్టి తీసే ప్రత్యేక ఫిల్ములు తీస్తారు.

పాత ఇంప్లాంట్ ఏ రకమో తెలుసుకోండి. గరుకు ఉపరితలం ఉన్నవాటితో బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన లింఫోమా (ఒక రకం క్యాన్సర్) సంబంధం తేలాక, 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఏ లక్షణమూ లేకపోతే తీసేయనక్కర్లేదన్నది ఎఫ్‌డీఏ సలహా. కానీ ఎలాగూ మారుస్తున్నప్పుడు నున్నటి రకమే పెట్టించుకోవడం మంచిది. పెట్టిన ఏడాది దాటాక ఒక వైపు ఉన్నట్టుండి ఉబ్బితే, సైజు మార్పు సంగతి పక్కనపెట్టి ముందు లోపల చేరిన నీరు తీసి, ఆ లింఫోమా కోసం చేసే సీడీ30 పరీక్షకు పంపాలి. ఫ్రాన్స్‌లో తయారై 2010లో నిషేధానికి గురైన పీఐపీ ఇంప్లాంట్లు ఇంకా లోపల ఉన్నవాళ్లయితే చిరిగిందనే అనుమానంతోనే స్కాన్ చూడాలి.

కృష్ణాతీరం:
పొర మొత్తం, ఎన్ బ్లాక్‌గా, అంటే ఇంప్లాంట్‌తో కలిపి ఒకే ముక్కగా తీయమని అడగాలా? ఇన్‌స్టాగ్రామ్ నిండా అదే.

కుట్టుపని:
ఏఎల్‌సీఎల్ నిర్ధారణ అయితే అడగాల్సిందే, అక్కడ అది చికిత్స. మామూలు సైజు మార్పులో మాత్రం కాదు. కండరం కింద ఉన్న పొర వెనక గోడ పక్కటెముకలకు అతుక్కుని ఉంటుంది. దాన్ని పూర్తిగా ఒలవబోతే ఊపిరితిత్తి పొర చిల్లుపడే ప్రమాదముంది. పైగా ఆ పొరే మన కుట్లకు ఆధారం, మొత్తం తీసేస్తే దేన్ని పట్టుకుని కుడతారు? మందంగా, సున్నం పట్టినట్టు గట్టిపడిన చోట తీస్తారు. అనుమానంగా కనిపించిన ముక్కను బయాప్సీకి పంపాలి. అది మాత్రం అడగండి.

డల్లాస్_తెలుగు:
అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చి చేయించుకోవాలనుకునేవాళ్లు ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

మత్తుమందు:
మూడు వారాలకు తగ్గితే రావద్దనే నా సలహా. మొదటి 48 గంటలు సంచిలో రక్తస్రావమై గడ్డకట్టే భయం, వారానికి గాయం పరీక్ష, రెండు వారాలకు కుట్ల పరీక్ష. ఆ పైన 20 గంటల ప్రయాణమంటే కాళ్ల సిరల్లో రక్తపు గడ్డల ప్రమాదం. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, కుటుంబంలో గడ్డల చరిత్ర ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. కరీంనగరో, కాకినాడో వెళ్లాల్సినవాళ్లకూ ఇదే మాట: మొదటి మూడు రోజులు ఆపరేషన్ జరిగిన ఊళ్లోనే ఉండండి. ఒక రొమ్ము మాత్రమే గంటల్లో ఉబ్బి, బిగుసుకుని, నొప్పి మందులకు లొంగకపోతే అది లోపల రక్తస్రావం. తెల్లారేదాకా ఆగకూడదు.

ముందు సంగతులు: ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, చేపనూనె, విటమిన్ ఇ గోలీలు వారం పది రోజుల ముందు ఆపాలి, గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరును అడగాలి. షుగర్‌కో బరువు తగ్గడానికో వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పక చెప్పండి. కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ఆపరేషనే వాయిదా వేయాలి. తగ్గాక రొమ్ము కొలతలన్నీ మారతాయి. పాలిచ్చే తల్లులు మాన్పించాక ఆరు నెలలు ఆగాలి.

బిల్లుల_బీరువా:
డబ్బు సంగతి. సైజు మార్పును ఇన్సూరెన్స్ ఇవ్వదు. అందం కోసం చేసే సర్జరీ పాలసీల్లో ప్రామాణిక మినహాయింపు. మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు కానీ కాస్మెటిక్ సర్జరీకి 18 శాతం ఉంది. కొటేషన్‌లో అది కలిపి చెప్పారో లేదో అడగండి. ఇంప్లాంట్ కంపెనీల వారంటీ చిరిగిపోవడం లాంటివాటికి వర్తిస్తుంది, సైజు నచ్చలేదంటే కాదు. కొటేషన్‌లో లిఫ్ట్, మెష్, రెండో రాత్రి బెడ్, బయాప్సీ విడివిడిగా రాయించుకోండి. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి. "కాస్మెటాలజిస్ట్" అన్న బోర్డు దానికి సమానం కాదు.

థియేటర్_సిస్టర్:
ఇంటికి వెళ్లాక. పొర తీసినా, కొత్త సంచి చేసినా లోపలి ద్రవాన్ని బయటికి తెచ్చే డ్రెయిన్ గొట్టాలు ఉండొచ్చు. రోజుకు 30 మి.లీ. లోపు వచ్చాక తీస్తారు. ప్రతి ఉదయం ఒకే సమయానికి కొలిచి తేదీతో రాసుకోండి, రెండు వైపులూ విడిగా.

తీగ లేని, ముందు హుక్కులున్న గట్టి బ్రా ఆరు వారాలు, రాత్రి కూడా. వెల్లకిలా, తల వైపు రెండు దిండ్లు. మొదటి రెండు వారాలు రెండు కిలోలకు మించి ఎత్తొద్దు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, చంటిపిల్ల అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చాలామంది మరిచిపోయేవి: చపాతీ పిండి పిసకడం, తడి బట్టలు పిండటం, బిగిసిన సీసా మూత తిప్పడం, బస్సులో పైకమ్మీ పట్టుకోవడం. వీటన్నిటికీ ఛాతీ కండరమే పనిచేస్తుంది, ఆ లాగుడు కుట్ల మీద పడుతుంది.

మే నెలలో బెజవాడ, రామగుండం ఎండల్లో కింది ముడతలో చెమట నిలిచి చర్మం నానిపోతుంది. వీలైతే చలికాలానికి పెట్టుకోండి. లేదంటే నూలు బ్రాలు నాలుగు తీసుకుని రోజుకు రెండుసార్లు మార్చండి.

గోదారి_గట్టు:
మసాజ్ ఎప్పటి నుంచి చేయాలి? మొదటి ఆపరేషన్ తర్వాత రోజుకు రెండుసార్లు చేయమంటారు కదా.

థియేటర్_సిస్టర్:
ఈసారి చేయకూడదు. ఇంప్లాంట్‌ను అటూ ఇటూ నెట్టే మసాజ్ సంచి తెరిచి ఉంచడానికి. ఇక్కడ సంచి మూయడానికి కుట్లు వేశారు. మొదటి ఆపరేషన్‌కు ఇచ్చిన సూచనల కాగితం చూసి మసాజ్ మొదలుపెడితే పక్క కుట్లు ఊడే ప్రమాదముంది. మచ్చ మీద సిలికాన్ పట్టీ మాత్రం గాయం పూర్తిగా మూసుకున్నాక, మూడు వారాల ప్రాంతంలో మొదలుపెట్టొచ్చు.

కృష్ణాతీరం:
పైభాగం ఖాళీ అవుతుందంటున్నారు. కొవ్వు ఎక్కించుకుంటే నిండుతుందా?

కుట్టుపని:
కొంత. పొట్ట, తొడల నుంచి తీసిన కొవ్వు ఒక్కో వైపు 100 సీసీ ఎక్కిస్తే సగం పైచిలుకు నిలిచిందంటే బాగా నిలిచినట్టే. మిగతాది కరిగిపోతుంది, కొంత నూనె తిత్తులుగా గట్టిపడి తర్వాతి మామోగ్రామ్‌లో కనిపిస్తుంది. కాబట్టి కొవ్వు ఎక్కించిన సంగతి రేడియాలజిస్టుకు ఎప్పటికీ చెబుతూ ఉండాలి. అంచులు కనపడకుండా, ముడతలు తేలకుండా చేయడానికి అది మంచి సాధనం. కానీ 475 సీసీ ఇచ్చిన పైభాగపు గుండ్రదనం 275తో, కొవ్వుతో కలిపినా తిరిగి రాదు. ఆ రూపమే కావాలనుకుంటే సైజు తగ్గించకపోవడమే సరైన నిర్ణయం.

స్కానింగ్_గది:
డిశ్చార్జి రోజున ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్లు, రెండు వైపులవీ, సీరియల్ నంబరుతో సహా అడిగి తీసుకోండి. ఒకటి ఫైల్లో అతికించి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తీసేసిన పాత ఇంప్లాంట్ల కంపెనీ, సీసీ, చిరిగి ఉన్నాయా లేదా అన్నది డిశ్చార్జి సమ్మరీలో రాయించండి. పదేళ్ల తర్వాత స్కాన్ చదివేవారికి ఆ రెండు వాక్యాలే ఆధారం.